బాగుచేయడం చదువు కాదా?

పోయిన సంవత్సరం ఒక విజ్ఞాన ప్రదర్శనకు నా రిమోట్ హెలికాప్టర్ తీసుకెళ్ళాను. "ఇందులో నువ్వు చేసింది ఏముంది?" అని న్యాయనిర్ణేత అడిగారు. "విరిగిపోతే బాగుచేశాను సార్" అన్నాను. "అది మెకానిక్ పని బాబూ, సైన్సు కాదు" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ అంగట్లో కొన్న కిట్టుతో చేసిన గాలిమర ఉంది. బహుమతి దానికే వచ్చింది. నాకు బాధ లేదంటే అబద్ధం. కానీ ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా హెలికాప్టర్ మిద్దె మీద నీళ్ళ ట్యాంకుకు కొట్టుకుని కింద పడింది. దానికి ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు. పైజత ఒకవైపు తిరిగితే కిందిజత ఎదురువైపు తిరుగుతుంది. పడిన తర్వాత మళ్ళీ లేపితే గడగడ వణికింది, బొంగరంలా తిరిగింది. "పారేయ్, కొత్తది కొనుక్కోవచ్చు" అన్నారు ఇంట్లో. మోటారు వైండింగు షాపులో పనిచేసే మా మామ మాత్రం "ఎందుకు వణుకుతోందో చెప్పు, తర్వాత పారేద్దాం" అన్నాడు.

విప్పాను. లోపలి సన్న ఇనుప కడ్డీని అద్దం పలక మీద దొర్లించాను. సాఫీగా పోకుండా ఎగిరెగిరి దొర్లింది. కంటికి ఆనని ఆ వంపే వణుకుకు కారణం. కిందిజతను తిప్పే ప్లాస్టిక్ పళ్ళచక్రంలో మూడు పళ్ళు పోయాయి, చక్రం జారుతోంది. రెక్కలు ఒకవైపు తిరిగితే బొమ్మ ఒళ్ళు ఎదురువైపు తిరగాలని చూస్తుంది. రెండు జతల బలం సమానమైతేనే ఆ తిప్పుడు రద్దవుతుంది. న్యూటన్ మూడో నియమం రాసి నేను మార్కులు తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ రోజే.

కడ్డీ, చక్రం మార్చాను. ఒక్క రెక్కే విరిగినా, బరువు తేడా రాకూడదని జతగా మార్చాను.

అయితే అన్నీ బాగుచేయాలా అని అడగొచ్చు. అక్కర్లేదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని చార్జింగ్ పెడితే అంటుకోవచ్చు. అందుకే దాన్ని వాడలేదు. ఏది బాగుచేయకూడదో తెలుసుకోవడమూ చదువే.

కిట్టులో ఏ ముక్క ఎక్కడ పెట్టాలో కాగితం చెబుతుంది. విరిగినదానికి అలాంటి కాగితం ఉండదు. మనమే కారణం ఊహించాలి, పరీక్షించాలి, తప్పయితే మళ్ళీ మొదలుపెట్టాలి. సైన్సు పాఠంలో మనకు చెప్పేది ఇదే కదా? 2022లో కేంద్ర ప్రభుత్వమే రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. బళ్ళో మాత్రం రిపేరుకు చోటు లేదు. మెకానిక్ పని అని తక్కువగా మాట్లాడేవాళ్ళ స్కూటరూ మిక్సీ నడిచేది ఆ పనివల్లే.

పెద్దలకు నా మనవి ఒకటే. వచ్చే ప్రదర్శనలో బాగుచేసిన వస్తువులకు ఒక బల్ల వేయండి. ఏం విరిగింది, ఎందుకు విరిగింది, ఏం మార్చాం అని మేం రాసిపెడతాం. చదివి ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పలేకపోతే అప్పుడు మార్కులు తీసేయండి.