సున్నతి ఆపరేషన్: పసివాడికి తొందర వద్దు, పెద్దవారికి దాపరికం వద్దు



సున్నతి అనే మాట బైబిలు చదివే కుటుంబాలకు కొత్తది కాదు. అబ్రాహాముకు ఇచ్చిన నిబంధన ఆదికాండము 17వ అధ్యాయంలో ఉంది. అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులకు అది అవసరం లేదన్న తీర్మానం అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. లాలాగూడలో అన్ని మతాలవారం పక్కపక్క ఇళ్లలో ఉంటాం కనుక ముస్లిం కుటుంబాల్లో జరిగే సున్తీ కూడా మనకు తెలుసు. అందువల్ల దీన్ని ఆచారంగానే చూస్తాం. డాక్టరు ఈ ఆపరేషన్ చేయాలనగానే "మాలో ఆ పద్ధతి లేదు కదండీ" అంటాం. ఆచారం వేరు, వైద్యం వేరు. ఈ తేడా తెలియక మనం రెండు పొరపాట్లు చేస్తున్నామని నా అభిప్రాయం. అవసరం లేని పసివాడి విషయంలో కంగారు పడుతున్నాం. అవసరమైన పెద్దవారు సిగ్గుతో దాచుకుంటుంటే ఊరుకుంటున్నాం.

పిల్లల్లో

పురుషాంగం కొనను కప్పి ఉండే చర్మాన్ని ముందోలు అంటారు. మగబిడ్డ పుట్టినప్పుడు ఇది కొనకు అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు. వయసుతోపాటు దానంతట అదే విడివడుతుంది. 1968లో డెన్మార్కులో బడిపిల్లల మీద ప్రచురించిన పరిశీలనలో 6, 7 ఏళ్లవారిలో నూటికి 8 మందికి ముందోలు బిగుతుగా ఉంటే, 16, 17 ఏళ్లకు వచ్చేసరికి అది నూటికి ఒక్కరికే కనిపించింది. కనుక స్నానం చేయించేటప్పుడు నూనె రాసి బలవంతంగా వెనక్కి లాగవద్దు. చర్మం చిట్లి, మానిన చోట మచ్చ కట్టి, లేని బిగుతు వస్తుంది.

మాటిమాటికీ వాపు, చీము, మూత్రం పోసేటప్పుడు నొప్పి, చర్మం తెల్లగా గట్టిపడటం ఉంటే డాక్టరుకు చూపించాలి. చాలామంది పిల్లలకు కొన్ని వారాలు పూతమందు రాస్తే సరిపోతుంది. ఆ మందు డాక్టరు చెప్పినదే వాడాలి. మచ్చ కట్టి గట్టిపడిన చర్మానికి మాత్రం సాధారణంగా ఆపరేషనే మార్గం.

ఆచారం ప్రకారం చేయించే కుటుంబాలకు కూడా రెండు మాటలు. బాబుకు మూత్రద్వారం కొనన కాకుండా కింది వైపు ఉంటే సున్తీ చేయించవద్దు. ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే ముందుగా చెప్పండి.

పెద్దల్లో

పెద్దవారిలో బిగుతుకు తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి షుగరు. మూత్రంలో చక్కెర పోతుంటే ముందోలు కింద ఫంగస్ పెరిగి దురద, ఎరుపు, పగుళ్లు వస్తాయి. ఇలా పదేపదే వస్తే చర్మం బిగుసుకుపోతుంది. కొందరికి షుగరు ఉన్నట్టు మొదట బయటపడేది ఇలాగే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. వాటితో కూడా ఈ ఫంగస్ రావచ్చు. మాత్ర మీరే మానేయకండి, డాక్టరుకు చెప్పండి.

మెడికల్ షాపులో తామర మందు కొని రాసుకుంటూ ఏళ్లు గడిపేవారు చాలామంది. ఇది మంచిది కాదు. ఏళ్ల తరబడి ఉన్న బిగుతు అంగానికి క్యాన్సరు వచ్చే కారణాల్లో ఒకటి. మానని పుండు, గడ్డ ఉంటే ఆలస్యం చేయకూడదు. వెనక్కి జరిగిన చర్మం ముందుకు రాకుండా వాచిపోతే అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి రావాలి.

ఆపరేషన్ ఎలా ఉంటుంది?

ముందుగా రక్త పరీక్షలు చేస్తారు, షుగరు చూస్తారు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పాలి. చిన్నపిల్లలకు పూర్తి మత్తు, పెద్దలకు సాధారణంగా ఆ భాగానికి మాత్రమే మత్తు ఇస్తారు. పూర్తి మత్తయితే 6 గంటల ముందు నుంచి ఆహారం పెట్టకూడదు. తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. ఆపరేషన్ సుమారు అరగంట పడుతుంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళతారు.

మొదటి రెండు రోజులు మూత్రానికి మంట, వారం వరకు వాపు ఉంటాయి. కొన మీద పసుపుపచ్చని పొర కనిపిస్తే అది చాలాసార్లు చీము కాదు, గాయం మానుతున్న గుర్తు. కుట్లు రెండు మూడు వారాల్లో కరిగి రాలిపోతాయి. గాయం మీద పసుపు, పౌడరు వేయకండి. భార్యాభర్తలు 6 వారాలు ఆగాలి. రక్తం ఆగకుండా కారినా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా వెంటనే రావాలి.

సున్నతి చేయించుకుంటే ఎయిడ్స్ రాదన్న మాట కూడా వినబడుతుంది. అది నిజం కాదు. 2005, 2007 సంవత్సరాల్లో ఆఫ్రికాలోని మూడు దేశాల పరిశోధనలు, స్త్రీల నుంచి పురుషులకు హెచ్‌ఐవి సోకడం సుమారు 60 శాతం తగ్గిందని చూపాయి. దాంతో 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి బాగా ప్రబలిన ప్రాంతాలకు దీన్ని సిఫారసు చేసింది. అంటే కొంత రక్షణ మాత్రమే, అభయం కాదు.

ఈ ఆపరేషన్ వల్ల మతం మారదు. మగతనం తగ్గదు. పిల్లలు పుట్టడానికి అడ్డు రాదు. భార్యలారా, తల్లులారా, మీ ఇంటి మగవారు చెప్పుకోలేక బాధపడుతుంటే మీరే ధైర్యం చెప్పి తీసుకురండి. కన్ను, పన్ను చూపించుకున్నట్టే దీన్నీ చూపించుకోవాలి. డాక్టరు దగ్గర సిగ్గుపడాల్సిన అవయవం అంటూ ఏదీ లేదు.