తాళానికి ముందే డిపాజిట్టా?

నెల్లూరు నుంచి మైపాడుకు పాతిక కిలోమీటర్లు. సముద్రం పక్కనే ఇల్లు చూసుకుని, రెండ్రోజులకు సగం అద్దె ముందే కట్టేసింది ఓ కుటుంబం. పిల్లలు ఇసుకలో ఆడుకునే బకెట్లు కూడా సర్దేశారు. తీరా బయల్దేరబోతుంటే ఫోను... 'సార్, అయిదు వేలు డిపాజిట్ వేయండి, వెళ్లేటప్పుడు ఇచ్చేస్తాం'. ఈ మాట ముందు చెప్పలేదే! కాదంటే కట్టిన అడ్వాన్సు పోతుందేమోనని బెంగ.

అడగడం తప్పేం కాదు. టీవీ పగిలితే యజమాని ఎవర్ని పట్టుకోవాలి? చివరి నిమిషం దాకా దాచడమే తిరకాసు. ఎంత, ఎందుకు, ఎప్పుడు తిరిగిస్తారు... ఇవి మెసేజీలో రాసి పంపమనండి. 'తాళం చేతికిచ్చినప్పుడు ఇస్తాం' అని చెప్పండి. ఒప్పుకోకుండా 'ఇప్పుడే, ఈ నంబరుకే' అని తొందరపెడితే అనుమానించాల్సిందే. వెబ్‌సైటు ద్వారా బుక్ చేస్తే దాన్ని తప్పించి బయట పైసా కట్టొద్దు.

ఇంట్లో దిగగానే గదులన్నీ ఫోన్లో వీడియో తీయండి, పెళ్లికి అద్దె గిన్నెలు లెక్కపెట్టుకున్నట్టే. 'డిపాజిట్ పంపుతున్నాం, పిన్ కొట్టండి' అంటే కొట్టకండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మోసపోయారా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మరీ ఎక్కువ డిపాజిట్ అడిగే ఒప్పందాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందంగానే చూస్తుంది. యజమాని వెనక్కివ్వకుండా తిప్పుకుంటుంటే 1915 హెల్ప్‌లైనుకు చెప్పొచ్చు. అప్పుడు ఆ మెసేజీ, వీడియోలే అక్కరకొస్తాయి.