‘యావరేజ్’ అంటే ఎవరికన్నా?

మొన్న ప్రొద్దుటూరు హాస్టల్లో మళ్ళీ అదే వాదన: గేమ్ రివ్యూలు నమ్మాలా, వద్దా? నాకైతే ఫౌ-జీ గుర్తొస్తాది. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీని బ్యాన్ చేసిన రెండు దినాలకే అక్షయ్ కుమార్ దాన్ని ప్రకటించినాడు. 2021 జనవరి 26న వచ్చింది. దేశభక్తితో కొందరు ఐదు స్టార్లు, కోపంతో కొందరు ఒక్క స్టార్. ఆట ఎట్లుందో మాత్రం రెండిట్లోనూ ఒక్క ముక్క లేదు.

రివ్యూ రాసేటోళ్ళు కొంచెం నయం. గల్వాన్ లోయలో నడువు, గుద్దు, మళ్ళీ నడువు, చేతికి తుపాకీ కూడా లేదు అన్నారు. నిజమే, సాయంత్రానికే నాకూ విసుగొచ్చింది. కానీ అప్పటికే ఆ దినం డేటా అయిపోయింది, ఆన్‌లైన్ క్లాసు పోయింది. నాయన ఫోన్లో 2 జీబీ ర్యామ్. దాంట్లో నడుస్తాదా, ఎంత డేటా తింటాది అని ఎవరూ రాయలేదే!

పదికి ఆరు వేసి ‘యావరేజ్’ అనేటోడికి ఇది కాకపోతే ఇంకో ఆట ఉంటాది. మనోళ్ళు ఫ్రీ ఫైర్‌కు అతుక్కున్నది అది గొప్ప ఆటని కాదు, చిన్న ఫోన్లో కూడా ఆడింది గనక. 2022 ఫిబ్రవరిలో అదీ బ్యాన్ అయింది, అది వేరే కథ.

అన్నలూ, అక్కలూ, ఈ గ్రూపులో ఎవరన్నా గేమ్ గురించి రాస్తే మార్కులు తర్వాత. ఏ ఫోన్లో ఆడినారో ముందు రాయండి.