డేటా అంటే ఎవరి సొత్తు?

మన ఫీల్డులో రోజుకి ఎన్నిసార్లు "డేటా" అంటామో లెక్కేస్తే, దానికీ ఓ టేబుల్ పెట్టాలేమో :) కోడు రాసే మనకి డేటా అంటే రోలు, కాలములు, బ్యాకప్పులు. మరి వ్యాపారానికి?

డేటా కొత్త చమురు లాంటిది అని 2006లో క్లైవ్ హంబీ అన్నాడని చెప్తారు. బ్రిటన్‌లో టెస్కో క్లబ్‌కార్డు వెనకున్న లెక్కల మనిషి ఈయన. ఆ పోలిక నాకు నచ్చదు. చమురు భూమిలో ఉంటుంది, తవ్వుకుంటే వస్తుంది. డేటా అలా కాదు, ఎవరో ఒకరు ఇస్తేనే వస్తుంది. లాటిన్‌లో ఆ మాటకి అర్థమే "ఇచ్చినవి" అని. మన పుస్తకాల్లో "దత్తాంశం" అన్నారే, అదీ అంతే. దత్తత లోని దత్తమే ఇది.

కానీ వ్యాపారం దీన్ని స్వార్జితం అనుకుంటుంది. ఆ సంగతి కంపెనీ బాగా నడిచేటప్పుడు తెలీదు, మూతపడేటప్పుడు బయటపడుతుంది. అమెరికాలో రేడియోషాక్ అని ఎలక్ట్రానిక్స్ కొట్లుండేవి. ఒకప్పుడు బ్యాటరీలు కొన్నా పేరూ, అడ్రసూ అడిగేవాళ్ళు. 2015లో దివాలా తీశాక, కుర్చీలూ బల్లలతో పాటు 11 కోట్ల పైచిలుకు కస్టమర్ల వివరాలూ వేలానికి పెట్టారు. అమ్మబోమని వాళ్ళ ప్రైవసీ పాలసీలో రాసుకున్నా సరే! టెక్సాస్ తో పాటు చాలా రాష్ట్రాలు అడ్డుపడితే గానీ అందులో చాలా భాగం ఆగలేదు.

2025 మార్చిలో 23అండ్‌మీ వంతు. దాదాపు కోటిన్నర మంది తమ వంశమూలాలు తెలుసుకుందామని ఉమ్మి పంపారు. కంపెనీ దివాలాకి వెళ్తే ఆ జన్యు సమాచారమే అసలు ఆస్తి అయింది. చివరికి వ్యవస్థాపకురాలి లాభాపేక్ష లేని సంస్థే 30.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది కాబట్టి సరిపోయింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, జన్యువులు మార్చుకోలేం కదా!

మన దగ్గర మాత్రం? బిల్లు కౌంటర్లో "సార్, ఫోన్ నంబర్ చెప్పండి" అనేది మామూలైపోయింది. నంబరివ్వందే అమ్మం అనకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పాల్సొచ్చింది. అదే ఏడు ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఈ చట్టంలో డేటా తీసుకునే కంపెనీకి పెట్టిన పేరు "ఫిడ్యూషరీ". అంటే యజమాని కాదు, నమ్మి అప్పగిస్తే కాపాడాల్సినవాడు. పని అయిపోయాక చెరిపెయ్యాలి. భద్రత గాలికొదిలేస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

ఇదంతా లాయర్ల గొడవ, మనకెందుకు అంటారా? చెరిపెయ్యమని కస్టమరు అడిగితే "ఈజ్ డిలీటెడ్" కాలములో 1 పెట్టి ఊరుకునేది ఎవరు? ప్రొడక్షన్ డంపుని యథాతథంగా టెస్ట్ సర్వర్లో పోసేది ఎవరు? మనమే.

అందుకే నా మటుకు నాకు, కొత్త కాలము కలిపేముందు మూడు ప్రశ్నలకి జవాబుండాలి: ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఎప్పటిదాకా? "ఎప్పటికైనా పనికొస్తుందిలే" అనేది జవాబు కాదు. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ తాళంచెవి ఇస్తే మొక్కలకి నీళ్ళు పొయ్యమని, ఇల్లు అద్దెకిచ్చుకోమని కాదు.

మీ ప్రాజెక్టులో ఎలా ఉందో చెప్తారా?