మాటలకు వాస్తు

ఒకే మాటను ఇద్దరు రెండు అర్థాలలో వాడుతూ, తమకు అంగీకారం కుదిరిందని ఇద్దరూ నమ్మడం కంటె చిక్కైన తగవు మరొకటి లేదు. బాహాటంగా తగవులాడుకునేవారికి మధ్యవర్తి దొరుకుతాడు. తగవున్న సంగతే తెలియనివారికి ఎవరు దొరుకుతారు? వేర్వేరు కంప్యూటరు వ్యవస్థలను ఒకదానితో ఒకటి కలిపే వృత్తిలో కొన్నేళ్లుగా ఉన్నవాణ్ణి కనుక నాకు ఈ ప్రశ్న మరీమరీ ఎదురవుతున్నది. ఆ కలిపే విద్యకు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అని పేరు. తెలుగులో సంస్థావాస్తువు అనవచ్చునేమో. (వాస్తు అనగానే ఈశాన్యం మూల ఏముండాలని అడిగే మిత్రులున్నారు. ఈ వాస్తుకు ఆ చిక్కు లేదు. దీని చిక్కు దీనికి ఉన్నది.)

ఒక సంస్థలో ఏయే పనులు జరుగుతాయి, వాటిని ఎవరు చేస్తారు, ఏ వివరం ఎక్కడ దాగి ఉంటుంది, ఒకచోట చేసిన మార్పు మరెక్కడ తగులుతుంది అన్నవాటిని పటంగా గీసి చూపడం ఈ విద్యకు ప్రయోజనం. 1987లో జాన్ జాక్‌మన్ ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో రాసిన వ్యాసం దీనికి తొలిమెట్లలో ఒకటి. ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనే ఆరు ప్రశ్నలతో ఆయన చట్రం తరువాత ప్రసిద్ధమైంది. పిమ్మట ఓపెన్ గ్రూప్ వారి టోగాఫ్, ఆర్కిమేట్ వచ్చాయి. ఆర్కిమేట్ పటంలో ప్రతి గడికీ ఒక జాతి ఉంటుంది: ఇది పాత్ర, ఇది ప్రక్రియ, ఇది సాఫ్ట్‌వేరు అని. బాగానే ఉన్నది. కాని ఆ గడిలో రాసిన మాటకు అర్థమేమిటో పటం చెప్పదు. నేను పనిచేసిన ఒక సంస్థలో అమ్మకాల విభాగానికి కస్టమర్ అంటే ఆర్డరు ఇచ్చినవాడు, లెక్కల విభాగానికి బిల్లు కట్టేవాడు, మరమ్మతుల విభాగానికి యంత్రం ఎవరి దగ్గరున్నదో వాడు. ఆర్డరిచ్చింది ప్రధాన కార్యాలయం, బిల్లు కట్టింది అనుబంధ సంస్థ, యంత్రం ఉన్నది మూడో ఊళ్లోని గిడ్డంగిలో. పటంలో మాత్రం ఒకటే గడి, మూడు వైపులనుంచి మూడు బాణాలు.

ఈ లోటు తీర్చడానికి పిలిచినదే ఆంటాలజీ. తత్త్వశాస్త్రంలో అది ఉనికిని గురించిన విచారం. కంప్యూటరు రంగంలో దానికి 1993లో టామ్ గ్రూబర్ చెప్పిన నిర్వచనం ప్రచారంలో ఉన్నది. ఆ భావాన్ని నా మాటల్లో చెబితే: ఒక రంగాన్ని మనం మనసులో ఏయే వస్తువులుగా, ఏయే సంబంధాలుగా ఊహించుకుంటున్నామో దాన్ని దాపరికం లేకుండా వెలికి తీసి రాయడం. అలా రాసినదాన్ని యంత్రం కూడా చదివి తర్కించగలిగేలా 2004లో డబ్ల్యూ3సీ వారు ఓడబ్ల్యూఎల్ అనే భాషను ప్రమాణంగా ప్రకటించారు.

మనకు ఇది బొత్తిగా కొత్త కాదు. వైశేషికులు లోకాన్ని ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని ఆరు పదార్థాలుగా విభజించారు. తరువాతివారు అభావాన్ని చేర్చి ఏడు చేశారు. ఆంధ్రదేశీయుడని ప్రసిద్ధి కెక్కిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ ఏడింటినే పిల్లలకు సైతం అందేలా వివరించాడు. ఇక్కడ పదార్థమనే మాటను గమనించండి. పదము, అర్థము: మాట చేత తెలియబడేది. ఇవాళ మనం తినుబండారానికి, ఇనుముకు వాడుతున్న ఈ మాటలోనే ఆంటాలజీ సారమంతా ఉన్నది. ఆ శాస్త్రాలలోనే సర్వం ఉన్నదని చెప్పడం నా ఉద్దేశం కాదు. మాటకూ వస్తువుకూ గల లంకెను ముందే తేల్చుకోవాలన్న జాగ్రత్త మన చదువులలో ఉండేదని మాత్రమే నా మనవి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆంటాలజీ అనగానే అందరి చేతా ఒకే మాటను ఒకే అర్థంలో వాడించే సాధనమని చాలామంది భావిస్తారు. నా అభిప్రాయం ఇందుకు విరుద్ధం. వేరువేరు వస్తువులకు వేరువేరు పేర్లు పెట్టి, వాటి మధ్య సంబంధాన్ని రాసిపెట్టడమే దాని ముఖ్య ప్రయోజనం. ఇందుకు కుటుంబం అనే మాట కంటె మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

కుటుంబం అంటే ఎవరు? జనగణనవారిని అడిగితే, మామూలుగా కలిసి నివసిస్తూ ఒకే వంటశాలలో భోజనం చేసేవారు అంటారు. వారి మధ్య రక్తసంబంధం ఉండనక్కరలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం రక్తం, వివాహం, దత్తత అనే బంధాన్ని కోరింది. ఆపైన కలిసి ఉండి కలిసి తినడమో, ఒకే రేషన్ కార్డు కలిగి ఉండడమో చాలునన్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం గుర్తించిన హిందూ అవిభక్త కుటుంబానికి వంటశాలతో పనే లేదు. ఒక మూలపురుషుని సంతతివారు ఒకరు విజయవాడలోను, మరొకరు డాలస్‌లోను ఉన్నా అది కుటుంబమే. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం అంత్యోదయ కార్డుకు కుటుంబానికి 35 కిలోల లెక్కన ధాన్యం. మిగిలిన అర్హులకు మనిషికి 5 కిలోలు. మొదటి లెక్కలో కుటుంబం హద్దు ఎక్కడ గీస్తామన్నదానిని బట్టి గింజలు మారిపోతాయి. రెండవ లెక్కలో మారవు.

2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. 2011 జనగణనలో ఆ ప్రాంతపు జనాభా సుమారు మూడున్నర కోట్లు, కుటుంబాలు సుమారు 83 లక్షలు. సర్వేలో జనాభా స్వల్పంగానే పెరిగింది. కుటుంబాలు మాత్రం కోటి దాటాయి. ఇందులో నిజమైన పెరుగుదల కొంత ఉండవచ్చు. కాని జనం కంటె కుటుంబాలు ఎన్నో రెట్లు వేగంగా పెరిగాయంటే, లెక్కించేవారూ లెక్కకు వచ్చినవారూ ఆ మాటకు వేరే హద్దు గీసి ఉంటారని నా అనుమానం. పథకాలు కుటుంబానికి ఒకటి చొప్పున వచ్చే చోట ఇది వింత కూడా కాదు.

విచిత్రమేమిటంటే తెలుగువాడుకలో ఈ భేదాలన్నింటికీ మాటలున్నాయి. ఊరు ఎంతటిదని అడిగితే మూడు వందల గడప అంటారు. అన్నదమ్ములు ఒకే గడపలో ఉంటూ పొయ్యి వేరు పెట్టుకుంటారు. కొత్త జంట వేరు కాపురం పెడుతుంది. వంశం, ఇంటిపేరు వీటన్నిటినీ దాటి పోతాయి. గడప, పొయ్యి, కాపురం, వంశం అని పల్లెటూరి వారు తేటగా విడదీసి చెప్పే నాలుగు విషయాలను మన దరఖాస్తు ఫారాలు 'కుటుంబం' అనే ఒక్క గడిలో కుక్కాయి. ఆ గడులనే కంప్యూటర్లకు ఎక్కించారు. ఇప్పుడు ఆ కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలుపుతున్నారు.

కలిపినప్పుడు ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. నల్లగొండ జిల్లాలో ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉంటున్నదనుకుందాం. కొడుకు హైదరాబాదులో కాపురం పెట్టి, అప్పు చేసి కారు కొని అద్దెకు తిప్పుతున్నాడు. అతని పేరు తల్లి కార్డులో నుంచి ఇంకా తీయలేదు. నాలుగు చక్రాల వాహనమున్న కుటుంబానికి రేషన్ అర్హత లేదని నియమమనుకుందాం. రవాణా శాఖ పట్టికను రేషన్ పట్టికతో కలిపిన యంత్రం క్షణంలో తీర్పు చెబుతుంది: ఈ కుటుంబానికి కారున్నది, కార్డు రద్దు. వివరాలలో ఒక్కటీ అబద్ధం కాదు. తీర్పు మాత్రం అన్యాయం.

అవే వివరాలను వేరుగా పేర్లు పెట్టి రాసి చూడండి. కార్డు సమూహం ఒకటి, పొయ్యి సమూహం మరొకటి. ఒక మనిషి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ పొయ్యికి చెందుతాడో రాస్తాము. ఒకే కాలంలో ఒక మనిషి రెండు పొయ్యిలకు చెందడు అన్నది ఒక నియమం. కార్డులోని వారందరూ ఒకే పొయ్యివారై ఉండాలన్నది మరొక నియమం. అప్పుడు అదే యంత్రం చెప్పే తీర్పు వేరు: ఈ కార్డులోని ఇద్దరు వేర్వేరు పొయ్యిలవారు, కార్డు సవరించవలసి ఉన్నది. ముసలమ్మ గింజలు నిలుస్తాయి, కొడుకు పేరు తొలగుతుంది. ఆంటాలజీ వల్ల కలిగే మేలు ఇంత స్థూలమైనది.

ఇది వట్టి ఊహ అని కొట్టివేయడానికి వీలు లేదు. తెలంగాణలో క్షేత్ర పరిశీలన లేకుండా కంప్యూటరు వివరాల ఆధారంగా రేషన్ కార్డులు రద్దు చేశారన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ ఇల్లిల్లూ తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించింది. అన్ని రద్దులకూ మాటల గందరగోళమే కారణమని నేననను. అనర్హులూ ఉండి ఉంటారు. కాని ఎవరు ఏ కారణాన తొలగారో మనిషి వెళ్లి చూస్తే తప్ప తేలని స్థితి వచ్చిందంటే, వ్యవస్థలను కలిపే ముందు జరగవలసిన పని ఏదో జరగలేదనే కదా అర్థం.

ఇక్కడ మళ్లీ అన్నంభట్టు గుర్తుకు వస్తాడు. అభావం నాలుగు విధాలన్నాడు. ఇంకా పుట్టనిది ప్రాగభావం, ఉండి నశించినది ప్రధ్వంసాభావం, ఎన్నడూ లేనిది అత్యంతాభావం, ఇది అది కాకపోవడం అన్యోన్యాభావం. మన డేటాబేసులో ఈ నాలుగింటికీ ఒక్కటే ఖాళీ గడి. కార్డుకు ఇంకా దరఖాస్తు పెట్టనివారు, కార్డు ఉండి పోయినవారు, అసలు అక్కరలేనివారు ముగ్గురూ యంత్రానికి ఒకటే. ఇక ఒకే పేరు, ఒకే తండ్రి పేరు గల ఇద్దరిలో ఒకడు మరొకడు కాడనే నాలుగవ అభావాన్ని నమోదు చేసే చోటు చాలా పట్టికలలో ఉండనే ఉండదు. ఓడబ్ల్యూఎల్ వంటి భాషలలో ఇద్దరు వేరని స్పష్టంగా చెప్పే వీలున్నది. చెప్పనిదాన్ని లేనిదిగా అవి భావించవు, తెలియనిదిగా ఉంచుతాయి. పేదవాని విషయంలో 'లేదు' అనడానికీ 'తెలియదు' అనడానికీ మధ్యనున్న దూరం చిన్నది కాదు.

ఆక్షేపణలు లేకపోలేదు. ఆంటాలజీ పేరుతో ఏళ్ల తరబడి నిర్వచనాలు రాసుకుంటూ కూర్చున్న బృందాలను నేను ఎరుగుదును. వారు రాసినది బీరువాలో భద్రంగా ఉన్నది. కనుక అన్ని మాటలనూ నిర్వచించబూనడం వృథా. ఒక శాఖ తనలో తాను వాడుకునే మాట ఎంత గజిబిజిగా ఉన్నా ఫరవాలేదు. సరిహద్దు దాటి మరొక శాఖకు వెళ్లే మాటలనే పట్టుకోవాలి. అవి ఎక్కడైనా గుప్పెడే ఉంటాయి: మనిషి, కుటుంబం, చిరునామా, యజమాని, ఆదాయం.

రెండవ ఆక్షేపణ బలమైనది. అధికారం ఎవరిదో అర్థమూ వారిదే అవుతుంది, రాసిపెట్టినంత మాత్రాన ఏం లాభం అంటారు. నిజమే. అయితే రాయని అర్థం కూడా అధికారంలో ఉన్నవారిదే. కాకపోతే అది ప్రోగ్రాములో ఎక్కడో దాగి ఉంటుంది, ప్రశ్నించేందుకు దొరకదు. రాసిన అర్థం మీద అర్జీ పెట్టవచ్చు, వాదించవచ్చు, దిద్దించవచ్చు. అందుకే ఆంటాలజీ నిపుణుల భాషలో మాత్రమే ఉంటే చాలదు, అది వర్తించేవారి భాషలోనూ ఉండాలని నేను గట్టిగా అంటాను.

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రగతి పేరిట రాష్ట్రమంతటికీ ఒక ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ తలపెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశానికంతటికీ ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అనే చట్రాన్ని వెలువరించింది. ఇటువంటి ప్రయత్నాలు ఇకముందూ వస్తూనే ఉంటాయి, రావాలి కూడా. వాటికి పూనుకునేవారికి నాదొక విన్నపం. బాణాలు గీసే ముందు, ఆ గుప్పెడు మాటలను కాగితం మీద వేసుకుని ఒక అంగన్‌వాడీ కార్యకర్తనూ, ఒక రేషన్ డీలరునూ, ఒక గ్రామ రెవెన్యూ ఉద్యోగినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. కుటుంబం అంటే ఎవరని ముగ్గురినీ విడివిడిగా అడగండి. వారు ఏకీభవించని చోట తొందరపడి ఓటు పెట్టకండి, మరొక పేరు అడగండి. పొయ్యి అనో, గడప అనో వారే చెబుతారు. ఆ పేర్లనే రాసుకోండి. సాఫ్ట్‌వేరు ఆ తరువాత మొదలుపెట్టవచ్చు.