మౌనం అర్ధాంగీకారమేనా?

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి చాలా దూరంనుంచి వచ్చింది. అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటున్న ఒక తెలుగు కుర్రవాడు రాశాడు. అక్షరాలు తల్లివిలాగా ఉన్నాయి గాని, కోపం మాత్రం అచ్చంగా వాడిదే.

సంగతి ఏమంటే, వాడి దగ్గిర నింటెండో స్విచ్ అనే ఆటపెట్టె ఉన్నది. అందులో పెట్టే ఆట ఒక్కొక్కటీ తపాలాబిళ్ళంత ముక్కలో ఇమిడి ఉంటుంది. ఆడి విసుగెత్తిన ఆట ఇచ్చి, ఆడని ఆట పుచ్చుకునేందుకు అక్కడ వెబ్‌సైట్లు ఉన్నాయి. వీడు తండ్రి పేరున, తండ్రి కళ్ళ ఎదుటే, ఒక సైటులో ఐదు మార్పిళ్ళు చేశాడు. ఐదూ సవ్యంగా జరిగాయి. మార్పిడి అయినాక అవతలివారు, "ఇతను మాట నిలబెట్టుకున్నాడు," అని సైటులో ఒక ముక్క రాయాలి. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. ఐదుగురిలో అలా రాసినవారు ఒక్కరే!

"మామయ్యా, ఆట అందినట్టు పోస్టాఫీసు లెక్కలో ఉంది. రాయటానికి రెండు నిమిషాలు పట్టదు. మిగిలిన నలుగురూ ఎందుకు రాయరు?" అని వాడు అడిగాడు.

ఇది పిల్లల అలక అనుకునేరు! కాదు.

మన వీధిలో గోళీలిచ్చి బొంగరం పుచ్చుకునేటప్పుడు ఒక చెయ్యి ఇస్తూ ఉండగానే రెండో చెయ్యి తీసుకుంటుంది. చుట్టూ పదిమంది చూస్తూ ఉంటారు. పగిలిన బొంగరం అంటగట్టినవాడి సంగతి సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోతుంది. తపాలాలో జరిగే మార్పిడికి ఈ సదుపాయం లేదు. న్యూజెర్సీ కుర్రవాడూ, కాలిఫోర్నియా మనిషీ ఒకరినొకరు ఎన్నడూ చూడరు. ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు పంపాలి. పంపినవాడు ఆ తరవాత గుండెలు చిక్కబట్టుకుని కూర్చోవాలి. అందుచేత ఎవరి ఖాతాలో మంచిమాటలు తక్కువగా ఉంటే వారే ముందు పంపటం ఇలాంటి చోట్ల మామూలు. మనవాడు ఐదుసార్లూ తానే ముందు పంపాడు. ఖాతాలో ఉన్నది ఒక్క మాటే గనక ఆరోసారీ వాడే ముందు పంపాలి. కోపం రాదూ మరి?

ఇలా అభిప్రాయాలు రాసే పద్ధతికి పేరు తెచ్చిన సైటు ఈబే. పియర్ ఒమిడ్యార్ అనే ఆయన 1995 సెప్టెంబరులో వేలంపాటల సైటు ఒకటి ప్రారంభించాడు. అదే తరవాత ఈబే అయింది. అందులో మొట్టమొదట అమ్ముడైనది చెడిపోయిన లేజర్ పాయింటర్. ధర 14 డాలర్ల 83 సెంట్లు. (చెడిపోయినదని తెలిసే కొన్నాడట, కొన్న ఆయన!) కొద్ది నెలలకే అమ్మినవారిమీద కొన్నవారూ, కొన్నవారిమీద అమ్మినవారూ ఒమిడ్యార్‌కు ఫిర్యాదులు రాయసాగారు. తగవులన్నీ తానే తీర్చలేక ఆయన 1996 ఫిబ్రవరిలో, ఎవరి అభిప్రాయం వారు అందరికీ కనబడేటట్టు రాసే ఏర్పాటు చేశాడు.

మరి అందరూ రాశారా? మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ రెజ్నిక్, హార్వర్డుకు చెందిన రిచర్డ్ జెక్‌హౌజర్ 1999 నాటి ఈబే బేరాలను పరిశీలించారు. కొన్నవారిలో నూటికి 52 మందీ, అమ్మినవారిలో నూటికి 60 మందికి కొంచెం పైగానూ రాశారు. కొన్నవారు రాసిన మాటలలో నూటికి 99 మంచివే.

మౌనం అర్ధాంగీకారమని మనలో ఒక మాట ఉన్నది. రాయని సగంమందీ తృప్తి పడే ఊరుకున్నారని అనుకోవచ్చునా? అనుకోరాదని క్రిస్ నోస్కో, స్టీవెన్ టడేలిస్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2015లో చూపించారు. ఈబేలో సరుకు నచ్చనివారు చాలామంది చెడ్డమాట రాయలేక, అసలేమీ రాయకుండా ఊరుకుంటున్నారు. అందుచేత వచ్చిన మాటలలో మంచివి ఎన్ని అని కాక, జరిగిన బేరాలన్నిటిలో ఎన్నిటికి మంచిమాట వచ్చిందో చూడాలని వారన్నారు. ఈ లెక్క మనవాడికి వేసి చూడండి. వచ్చిన మాట ఒకటి, అది మంచిది. అంటే నూటికి నూరు! జరిగిన మార్పిళ్ళు ఐదు, మంచిమాట ఒకటి. అంటే నూటికి ఇరవై! తప్పు చెయ్యని పిల్లవాడు కూడా ఈ లెక్కలో అనుమానించదగినవాడుగా కనబడుతున్నాడు.

రాయకపోవటానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. భయం కూడా ఉంటుంది. నేను ఉన్నమాట రాస్తే అవతలివాడు కక్షకొద్దీ నామీద చెడ్డగా రాస్తాడేమో! వాడు రాసినాక చూద్దాం! ఇద్దరూ ఇలాగే అనుకుంటే ఇక రాసేదెవరు? ఈబే 2008లో, కొన్నవారిమీద అమ్మినవారు చెడ్డమాట రాయటానికి వీలు లేకుండా చేసింది. కాని ఆటల మార్పిడిలో ఇద్దరూ ఇచ్చేవారే, ఇద్దరూ పుచ్చుకునేవారే గనక ఆ మందు ఇక్కడ పనిచెయ్యదు. ప్రయాణీకులకు బస చూపించే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో చేసిన ఉపాయం నాకు ఎక్కువ నచ్చింది. ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజులు గడిచేదాకా, ఎవరు ఏం రాసిందీ రెండోవారికి కనబడదు. ఇక కాచుకుని కూర్చుని లాభం లేదు.

ఈ సంగతులన్నీ కుర్రవాడికి రాసి, "ఆ నలుగురినీ ఒక్కసారి మర్యాదగా అడిగి చూడు," అన్నాను. చివర ఒక ప్రశ్న కూడా వేశాను: "అది సరే, ఆ ఐదుగురిలో నువ్వు ఎందరికి రాశావు?"

జవాబు రావటానికి పదిరోజులు పట్టింది. ఈసారి అక్షరాలు వాడివే, కొంచెం వంకరగా ఉన్నాయి. వాడు రాసింది ఇద్దరికే నట. తక్కిన ముగ్గురూ ముందు రాస్తారని ఆగాడట! నా ఉత్తరం అందిన రాత్రే ముగ్గురికీ రాశాడు. వారిలో ఒకాయన మర్నాడే వీడికి మంచిమాట రాసి, తానూ వీడికోసమే కాచుకున్నానని చెప్పాడు. తక్కినవారినుంచి ఇంకా ఏమీ రాలేదు.

ఇప్పుడు వాడి ఖాతాలో రెండు ఉన్నాయి. ఆరో ఆట మొన్న శనివారం తపాలాలో వేశాడు. ముందుగా పంపింది వాడే.