చెప్పినంతే చేసే తాబేలు

పిల్లలూ! ముందు ఒక ఆట ఆడి చూడండి. మీ తమ్ముడి కళ్ళకు గంతలు కట్టి, "నాలుగడుగులు నడు, కుడికి తిరుగు" అని నాలుగుసార్లు చెప్పండి. వాడు చదరంగా నడిచి, ఇంచుమించు బయలుదేరిన చోటికే వస్తాడు. కాని ఎంత తిరగాలో మీరు చెప్పనేలేదు! వాడే ఊహించుకున్నాడు. కంప్యూటరు భాషలో అలా కుదరదు. కొలత చెప్పి తీరాలి.

1967లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోయర్జైగ్ మొదలైనవారు పిల్లల కోసమే ఒక కంప్యూటరు భాష తయారుచేశారు. దాని పేరు లోగో. కొంతకాలానికి అందులో ఒక తాబేలు వచ్చి చేరింది. అది నేలమీద పాకే యంత్రంగా ఉండేది. తెరమీద కూడా కనిపించేది. అది నడిచిన దారివెంట గీత పడుతుంది. "రిపీట్ 4 [ఫార్వర్డ్ 100 రైట్ 90]" అని రాస్తే, వంద అడుగులు నడిచి 90 డిగ్రీలు కుడికి తిరగటం నాలుగుసార్లు చేస్తుంది. చదరం తయారు!

నిజానికి యంత్రానికి ఈ మాటలేవీ తెలియవు. దానికి తెలిసినవి ఒకట్లూ, సున్నాలూ మాత్రమే. నడుమ ఒక దుబాసీ ఉంటాడు. మనిషి కాడు లెండి, అదీ ఒక ప్రోగ్రామే. మీరు రాసిన మాటలను ఒక్కొక్కటే చదివి, తన నిఘంటువులో వెతికి, యంత్రంచేత ఆ పని చేయిస్తాడు. మాట దొరకలేదా, పని ఆగిపోతుంది. "స్క్వేర్" అని రాస్తే, "స్క్వేర్ చెయ్యటం నాకు తెలియదు" అంటాడు. కోప్పడకండి. "టు స్క్వేర్" అని మొదలుపెట్టి, పై వరస రాసి, "ఎండ్" అని ముగించండి. ఆ మాట నిఘంటువులో చేరిపోతుంది. భాషకే మనం కొత్త మాట నేర్పటం! నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇక త్రిభుజం. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణమూ 60 డిగ్రీలని లెక్కల మాస్టారు చెప్పారు గదా అని, "రిపీట్ 3 [ఫార్వర్డ్ 100 రైట్ 60]" అని రాస్తారు. నేనూ అలాగే రాశాను. వచ్చింది త్రిభుజం కాదు, మూతలేని గిన్నె! తప్పు మాస్టారిదీ కాదు, తాబేలుదీ కాదు. 60 అనేది లోపలి కోణం. తిన్నగా పోతున్న తాబేలు మూల దగ్గర తిరగవలసింది బయటి కోణం. 180లో 60 పోగా 120. నమ్మకం లేకపోతే ముగ్గుపిండితో త్రిభుజం గీసి, దానిమీద నడిచి చూడండి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మీరు మొత్తం 360 డిగ్రీలు తిరుగుతారు. మూడు మూలలకు పంచితే 120, నాలుగింటికి 90.

మరి చెయ్యి ఎత్తకుండా గీసే అయిదు మొనల నక్షత్రానికి మొనమొనకూ ఎంత తిరగాలి? జాగ్రత్త, 72 కాదు! అది పూర్తయ్యేసరికి తాబేలు రెండు చుట్లు తిరుగుతుంది. జవాబు నాన్నగారిని అడక్కండి. ముగ్గుపిండి ఇంకా మిగిలే ఉంటుంది.